ఒక్కసారి వేసిన ఓటు: పాలమూరు జిల్లా పరిషత్ అధ్యక్ష పదవి, 1959–2024

జిల్లా పరిషత్ అధ్యక్షుడిని పెబ్బేరు మండల ఓటరు స్వయంగా ఎన్నుకొన్నది ఒకే ఒక్కసారి, 1987లో. అంతకు ముందు ఇరవై ఎనిమిదేళ్లపాటు గ్రామస్థుని ఓటు సర్పంచు దగ్గరో, సమితి దగ్గరో ఆగిపోయేది. 1995 నుంచి ఆ అధికారం జిల్లా పరిషత్ ప్రాదేశిక సభ్యుల చేతికి వెళ్లింది. స్థానిక స్వపరిపాలన చరిత్రకారులు 1959కి, 1993కి పెద్దపీట వేస్తారు. 1987ను నందమూరి తారక రామారావు పాలనలోని ఒక ప్రయోగంగా ఒకటి రెండు వాక్యాలలో దాటిపోతారు. జిల్లా స్థాయి ప్రజానాయకుని పదవి ఎంత కాలం, ఎవరి దయ మీద నిలిచిందన్న ప్రశ్న వేసుకొంటే ఆ ప్రాధాన్యక్రమాన్ని తిరగరాయవలసి వస్తుంది. పాలమూరు జిల్లా ఇందుకు తగిన క్షేత్రం. ఈ పదవి తెలుగునాట పుట్టినదీ ఇక్కడే, ముక్కలైనదీ ఇక్కడే.

కృష్ణా తుంగభద్రల నడుమనూ, కృష్ణకు ఉత్తరానా ఉన్న ఈ ప్రాంతం నిజాం రాజ్యంలో సంస్థానాల సీమ. పెబ్బేరు, శ్రీరంగాపురం వనపర్తి సంస్థానంలోనివి. నదికి అవతల గద్వాల, తూర్పున కొల్లాపురం రాజధానిగా జటప్రోలు. సర్కారు జిల్లాలలో 1920 నాటి మద్రాసు స్థానిక సంస్థల చట్టం కింద జిల్లా బోర్డుల సంప్రదాయం పెరిగింది. బోర్డు అధ్యక్ష పదవి కోసం పోటీలు, పార్టీలు, పత్రికా వివాదాలు అక్కడివారికి పరిచితాలు. పాలమూరులో అటువంటి అలవాటు లేదు. ఇక్కడ జిల్లాకు పెద్ద అంటే తాలూకాదారు, తరువాత కలెక్టరు; ఊరికి పెద్ద అంటే పటేలు, పట్వారీ, వారిపైన దొర. ఈ నేపథ్యంలో 1959 అక్టోబరు 11న జవహర్‌లాల్ నెహ్రూ అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించారు. రాజస్థాన్‌లోని నాగౌర్‌లో ప్రారంభమై అప్పటికి తొమ్మిది రోజులే. వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ వెలసినదీ ఆ సంవత్సరమే. కోటలో పాఠాలు మొదలైన ఏడాదే జిల్లాకు ఎన్నికైన పెద్ద వచ్చాడన్నమాట.

అయితే 1959 నాటి చట్టం ఆ పెద్దకు ఇచ్చినది సగం పీఠమే. బల్వంతరాయ్ మెహతా సంఘం సూచించిన మూడంచెలను ఆంధ్రప్రదేశ్ స్వీకరించింది గానీ, జిల్లా పరిషత్ స్థాయీ సంఘాల అధ్యక్షత కలెక్టరుకు అప్పగించింది. సర్వసభ్య సమావేశంలో అధ్యక్షుడు ముందు కూర్చొంటాడు. ఖర్చు, పని, నియామకం తేలే స్థాయీ సంఘంలో కలెక్టరు కూర్చొంటాడు. దీనిని పరిపాలనా వివేకమని సమర్థించిన వారున్నారు. కొత్త సంస్థకు అనుభవజ్ఞుడైన అధికారి తోడు అవసరమన్నది వారి వాదం. తోడుగా వచ్చినవాడు పెత్తనం చేయడం వేరు. అధ్యక్షుడు తన పనిని సంఘంలో కంటే సచివాలయంలో చక్కబెట్టుకోవడం నేర్చుకొన్నది ఈ ఏర్పాటు వల్లనే. జిల్లా పరిషత్తు నాయకత్వానికి శిక్షణాలయమన్న ప్రశంస తరచు వినబడుతుంది. ఆ శిక్షణలో ముఖ్యపాఠం హైదరాబాదుకు దారి తెలుసుకోవడమని చేర్చితే ప్రశంస సంపూర్ణమవుతుంది.

ఆ దారిన చాలా దూరం వెళ్లినవారూ ఉన్నారు. తుంగభద్రకు ఆవలి ఒడ్డున కర్నూలు జిల్లా పరిషత్తుకు అధ్యక్షత వహించిన కోట్ల విజయభాస్కరరెడ్డి, ఖమ్మం జిల్లా పరిషత్తుకు అధ్యక్షత వహించిన జలగం వెంగళరావు ఇద్దరూ ముఖ్యమంత్రులయ్యారు. జిల్లా పరిషత్తులోంచి ఎదిగినవారు అధికారంలోకి వస్తే ఆ సంస్థ బలపడుతుందని ఊహించడం సహజం. కాలక్రమం అలా చెప్పదు. 1959, 1964, 1970లలో ఎన్నికలు జరిగాయి. తరువాతి ఎన్నికలు 1981లో గానీ రాలేదు. ఆ పదకొండేళ్ల మధ్యలోనే, 1973 డిసెంబరు నుంచి 1978 మార్చి వరకు, వెంగళరావు ముఖ్యమంత్రిత్వం సాగింది. అత్యయిక పరిస్థితి కొంత కారణం కావచ్చు. కానీ శాసనసభకు 1978లో ఎన్నికలు జరిగాయి, జిల్లా పరిషత్తులకు జరగలేదు. ఏది వాయిదా వేయదగినదో, ఏది కాదో పాలకుల దృష్టిలో స్పష్టంగానే ఉండేది.

1984–87 మధ్య మూడేళ్లలో గ్రామీణ పాలన స్వరూపమే మారింది. వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థ రద్దయింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. పెబ్బేరు మండల కేంద్రమయింది. శనివారం పశువుల సంతకు ఎక్కడెక్కడి రైతులో వచ్చే ఊరికి ఇక కార్యాలయాలూ వచ్చాయి. 1986లో మండల ప్రజాపరిషత్తులు, జిల్లా ప్రజాపరిషత్తులు, జిల్లా అభివృద్ధి సమీక్షా మండలుల చట్టం వెలువడింది. దాని ప్రకారం మండల పరిషత్ అధ్యక్షుడిని మండలంలోని ఓటర్లు, జిల్లా పరిషత్ అధ్యక్షుడిని జిల్లాలోని ఓటర్లందరూ నేరుగా ఎన్నుకోవాలి. ఈ పదవులలో వెనుకబడిన తరగతులకు 20, షెడ్యూల్డు కులాలకు 15, షెడ్యూల్డు తెగలకు 6, మహిళలకు 9 శాతం చొప్పున రిజర్వేషన్లు కల్పించారు.

ఈ మార్పు కొలతను నిదానంగా గ్రహించాలి. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో శాసనసభా స్థానాలు 13. శాసనసభ్యుడు వాటిలో ఒక్కదానికి ప్రతినిధి. లోక్‌సభ సభ్యుడు ఏడింటికి. 1987లో ఎన్నికైన జిల్లా పరిషత్ అధ్యక్షుడు పదమూడింటికీ ప్రతినిధి. రాష్ట్రంలో మరే ప్రజాప్రతినిధికీ ఇంతమంది ఓటర్ల తీర్పు లేదు. ముఖ్యమంత్రి సైతం శాసనసభలో ఒక నియోజకవర్గానికి ప్రతినిధే. షాద్‌నగర్ ఓటరూ, అలంపురం ఓటరూ, అచ్చంపేట ఓటరూ ఒకే పేరు మీద ముద్ర వేయడం అదే మొదలు, అదే తుద. ఇంతటి బలాన్ని ఇచ్చిన చట్టమే దానికి కళ్లెమూ వేసింది. జిల్లా అభివృద్ధి సమీక్షా మండలికి ఒక మంత్రిని అధ్యక్షుడిగా నియమించింది. జిల్లా అంతా కలిసి ఎన్నుకొన్న వ్యక్తి ప్రగతిని, రాజధాని నుంచి వచ్చిన మంత్రి సమీక్షిస్తాడు. పైగా పరిషత్తులో సభ్యులు మండలాధ్యక్షులు. వారూ నేరుగా గెలిచినవారే కనుక అధ్యక్షునికి కట్టుబడవలసిన అగత్యం వారికి లేదు. ఘర్షణకు తావున్న నిర్మాణమే ఇది. అయినా ఘర్షణ బయట కనబడే చోట జవాబుదారీ కూడా కనబడుతుంది. ఓటరుకు ఎవరిని నిలదీయాలో తెలుస్తుంది. ఆ చట్టం తెచ్చిన రామారావునే 1989లో ఇదే జిల్లాలోని కల్వకుర్తి ఓటర్లు ఓడించారు. రెండింటికీ కార్యకారణ సంబంధం కట్టనక్కరలేదు గానీ, ఈ ఓటర్లను ఎవరో ఇచ్చిన హక్కుకు కృతజ్ఞతాబద్ధులని భావించరాదనడానికి అది చాలు.

1987 నాటి పాలకమండళ్ల అయిదేళ్ల గడువు 1992లో తీరింది. వెంటనే ఎన్నికలు రాలేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. దానికి అనుగుణంగా 1994లో రాష్ట్రం కొత్త చట్టం చేసింది. ఎన్నికలు 1995లో జరిగాయి. కొత్త చట్టం ప్రత్యక్ష ఎన్నికను తొలగించింది. ఆ సమయానికి ముఖ్యమంత్రి ఒకనాటి కర్నూలు జిల్లా పరిషత్ అధ్యక్షుడు విజయభాస్కరరెడ్డి కావడం వల్ల ఇది కాంగ్రెసు ప్రభుత్వం తెలుగుదేశం ప్రయోగాన్ని తుడిచివేయడమేనన్న అభిప్రాయం కలుగుతుంది. ఆ అభిప్రాయం నిలవదు. రాజ్యాంగంలోని 243సి అధికరణం అయిదవ ఖండమే మధ్య స్థాయి, జిల్లా స్థాయి అధ్యక్షులను ఎన్నికైన సభ్యులు తమలో నుంచి ఎన్నుకోవాలని శాసించింది. గ్రామ సర్పంచు ఎన్నిక పద్ధతిని మాత్రం రాష్ట్రాల ఇష్టానికి విడిచింది. కనుక హైదరాబాదులో ఎవరు ముఖ్యమంత్రిగా ఉన్నా ఫలితం అదే. స్థానిక సంస్థలకు ప్రాణం పోసిందని పొగడ్త పొందిన సవరణే పాలమూరు ఓటరు చేతిలోని ఒక ఓటును తీసుకొన్నది. ప్రతిఫలంగా అయిదేళ్లకొకసారి ఎన్నిక తప్పదన్న హామీని 243ఇ అధికరణం ద్వారా ఇచ్చింది. మహిళలకు మూడింట ఒక వంతు స్థానాలిచ్చింది. రెండవ వాగ్దానం నిలబడింది, తరువాత సగానికి పెరిగింది కూడా. మొదటి వాగ్దానం నిలవని సందర్భాలు దిగువన వస్తాయి.

1995 తరువాతి నాయకుల ప్రస్థానాలు ఈ కొత్త నిర్మాణపు ముద్రను మోస్తాయి. పెబ్బేరుకు పొరుగున ఉన్న కొత్తకోట రాజకీయ కుటుంబానికి చెందిన సీతా దయాకర్ రెడ్డి జిల్లా పరిషత్ అధ్యక్షురాలిగా పనిచేసి, 2009లో దేవరకద్ర నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు; భర్త కొత్తకోట దయాకర్ రెడ్డి అదే ఎన్నికలో మక్తల్ నుంచి గెలిచారు. భార్యాభర్తలు ఒకే సభలో పక్కపక్క నియోజకవర్గాల సభ్యులుగా కూర్చొన్నారు. జిల్లా పరిషత్ అధ్యక్షుడిగా పనిచేసిన కూచుకుళ్ల దామోదర్ రెడ్డి స్థానిక సంస్థల నియోజకవర్గం నుంచి శాసనమండలికి వెళ్లారు. ఈ రెండవ దారి గమనార్హం. మండలిలో ఆ స్థానానికి ఓటర్లు సామాన్య ప్రజలు కారు; ఎంపీటీసీ, జడ్పీటీసీ సభ్యులు, పురపాలక సంఘాల సభ్యులు. సభ్యుల మద్దతుతో అధ్యక్షుడైన నాయకునికి అదే తరహా సభ్యుల ఓటుతో పై సభకు పోయే మార్గం తెరచి ఉంటుంది. 1987 పద్ధతి కొనసాగి ఉంటే నాయకుని శ్రద్ధ ఎటు మళ్లేదో ఊహించడం కష్టం కాదు. పరోక్ష ఎన్నికలో బేరం ఊరిలో జరగదు, శిబిరంలో జరుగుతుంది. పార్టీ విప్పును ధిక్కరించిన సభ్యుడు సభ్యత్వం కోల్పోతాడన్న నిబంధన ఉన్నా శిబిరాలు ఆగలేదు.

2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన వేళ 64 మండలాల మహబూబ్‌నగర్ జిల్లా పరిషత్తుకు తెరాసకు చెందిన బండారి భాస్కర్ అధ్యక్షులయ్యారు. ఆయన పదవీకాలం రెండు విషయాల వల్ల చరిత్రలో ప్రత్యేకం. మొదటిది డబ్బు: 2015–20 కాలానికి పధ్నాలుగవ ఆర్థిక సంఘం నిధులను గ్రామ పంచాయతీలకే పరిమితం చేసింది, మండల, జిల్లా పరిషత్తులకు ఒక్క రూపాయి రాలేదు. ప్రతి ఊరి ఉన్నత పాఠశాల ముఖద్వారం మీద జిల్లా పరిషత్ పేరున్నా, ఆ బడికి ఉపాధ్యాయుడిని నియమించే అధికారమూ, గది కట్టించే స్తోమతూ పరిషత్తుకు లేకపోయాయి. రెండవది భూమి: 2016 అక్టోబరు 11న జిల్లా మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలుగా విడిపోయింది. షాద్‌నగర్ రంగారెడ్డిలో కలిసింది. నెహ్రూ షాద్‌నగర్ సభకు సరిగ్గా యాభై ఏడేళ్లు నిండిన రోజు అది. తేదీ కలవడం యాదృచ్ఛికమే. కలెక్టర్లు వెంటనే నలుగురయ్యారు గానీ జిల్లా పరిషత్తు 2019 వరకు ఒక్కటిగానే ఉన్నది. ఎన్నికైన నాయకుని పరిధి ఒకటి, అధికారుల పరిధి మరొకటిగా దాదాపు మూడేళ్లు గడిచాయి.

విభజన అనంతర చట్టాన్ని 2018లో తెచ్చినప్పుడు పంచాయతీరాజ్ మంత్రి కొల్లాపురానికి చెందిన జూపల్లి కృష్ణారావు. 2019 మే నెలలో ఎన్నికలు జరిగి వనపర్తికి తొలి జిల్లా పరిషత్తు ఏర్పడింది, ఆర్. లోకనాథ్ రెడ్డి దాని మొదటి అధ్యక్షులు. అందులో మండలాలు 14. అంటే ఎనిమిది మంది సభ్యుల మద్దతు ఉంటే జిల్లాకు అధ్యక్షుడు కావచ్చు. జోగులాంబ గద్వాలలో 12 మండలాలకు సరిత అధ్యక్షురాలయ్యారు. తెరాస తరఫున ఆ పదవి పొందిన ఆమె 2023లో కాంగ్రెసు అభ్యర్థిగా గద్వాల శాసనసభ స్థానానికి పోటీ చేసి బండ్ల కృష్ణమోహన్ రెడ్డి చేతిలో ఓడిపోయారు. జిల్లా మొత్తానికి అధ్యక్షురాలైన నాయకురాలు జిల్లాలోని ఒక నియోజకవర్గంలో గెలవలేకపోవడం వ్యక్తి వైఫల్యం కన్నా పదవి స్వభావాన్ని ఎక్కువ చెబుతుంది. ఆ పదవి ఓటరుకూ నాయకునికీ మధ్య బంధం కట్టదు.

పెబ్బేరు పరిస్థితి మరింత విచిత్రం. 2016లో శ్రీరంగాపురం ప్రత్యేక మండలమైంది. 2018లో పెబ్బేరు పట్టణం పురపాలక సంఘమైంది. పురపాలక సంఘ పరిధి జడ్పీటీసీ నియోజకవర్గంలోకి రాదు. కనుక పెబ్బేరు పేరుతో ఉన్న స్థానానికి 2019లో ఓటు వేసినది చుట్టుపక్కల గ్రామాలే. మండలానికి పేరునిచ్చిన ఊరు ఆ ఎన్నికలో లేదు. 1987లో జిల్లా అధ్యక్షుడిని నేరుగా ఎన్నుకొన్న పెబ్బేరు వాసి, ముప్పై రెండేళ్ల తరువాత ఆ అధ్యక్షుడిని ఎన్నుకొనే సభ్యుడిని కూడా ఎన్నుకోలేకపోయాడు.

ఇక గడువు సంగతి. 243ఇ హామీ ఇచ్చిన తరువాత కూడా 2011లో గడువు తీరిన పరిషత్తులకు 2014 వరకు ఎన్నికలు లేవు. వెనుకబడిన తరగతుల 34 శాతం కలుపుకొంటే మొత్తం రిజర్వేషన్లు 60 శాతం దాటుతున్నాయి. 2010లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 50 శాతం పరిమితిని నిర్దేశించింది. సామాజిక న్యాయమా, సకాల ఎన్నికా అన్న పెనుగులాటలో ప్రత్యేకాధికారులు పీఠమెక్కారు. వెనుకబడిన తరగతుల వాటా న్యాయమైనదే. దాని పేరిట ఎన్నికే ఆగిపోతే ఆ తరగతుల నాయకులకు దక్కేదేమీ ఉండదు. 2019లో ఎన్నికైన పాలకమండళ్ల గడువు 2024 జులై మొదటివారంలో ముగిసినప్పుడు మళ్లీ ప్రత్యేకాధికారులే వచ్చారు.

ఆ ముగింపునకు మూడు నెలల ముందు, 2024 మార్చి 28న, ఉమ్మడి మహబూబ్‌నగర్ స్థానిక సంస్థల మండలి స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. ఆ స్థానం నుంచి గెలిచిన కసిరెడ్డి నారాయణరెడ్డి 2023లో కల్వకుర్తి శాసనసభ్యులు కావడంతో ఖాళీ వచ్చింది. ఓటర్లు 1,439 మంది. వారిలో పెబ్బేరు పురపాలక సంఘ సభ్యులూ ఉన్నారు. జూన్ 2న లెక్కింపు జరిగింది. భారాస అభ్యర్థి నవీన్‌కుమార్ రెడ్డి 109 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. నెల తిరగగానే ఆ ఓటర్లలోని ఎంపీటీసీ, జడ్పీటీసీ సభ్యులు మాజీలయ్యారు. వారు ఎన్నుకొన్న మండలి సభ్యుని గడువు 2028 వరకు ఉంది.