ఉయ్యాలకు లెక్క లేదు!

పిల్లవాడు బళ్ళో చేరితే ట్యూషన్ ఫీజుకి పాత పద్ధతి పన్నులో మినహాయింపు దొరుకుతుంది. ఉయ్యాల్లో ఉన్నంతకాలం వాడి ఖర్చు సర్కారువారి కంటికి ఆనదు.

1961లో మన పార్లమెంటు ఆదాయపు పన్నుకొక చట్టం, ప్రసూతి సౌకర్యాలకొక చట్టం చేసింది. మొదటిది ఆయా జీతాన్ని పట్టించుకోలేదు. రెండోది పాలివ్వడానికి విరామాలిచ్చింది గాని, పాపను ఎక్కడుంచాలో చెప్పలేదు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ వెలిసింది. అమ్మమ్మల్ని ఊళ్ళో వదిలి అమ్మాయిలు ఉద్యోగాలకొచ్చారు. యాభైమంది పనిచేసేచోట క్రెష్ ఉండాలన్న సవరణ 2017లో గాని రాలేదు.

మరి భర్త ఉద్యోగం పోతే? మన దేశంలో ఎవరి జీతానికి వారిదే పన్ను. ఆలుమగలకు ఉమ్మడి లెక్క లేదు. క్రెష్ ఫీజు మాత్రం ఒక్క జీతంలోంచే పోవాలి.

"ఖాళీగానే ఉన్నాడుగా, పిల్లని చూసుకోడూ?" అంటారు. ఉద్యోగం వెతుక్కోవడానికీ రెండు చేతులు కావాలి కదండీ!