చవక పిస్టల్‌ను నమ్ముకోవచ్చా? అమెరికాలో మనవాళ్లు కొనేముందు తెలుసుకోవాల్సినవి

అమెరికాలో రాత్రి షిఫ్టులు చేసే కొడుకో, అల్లుడో ఫోన్‌లో "ఇక్కడ ఏరియా బాగోలేదు, 200 డాలర్లకే పిస్టల్ వస్తోంది, ఒకటి కొనుక్కుంటా" అంటే ఇక్కడి పెద్దవాళ్లకు ఏం చెప్పాలో తోచదు. వద్దంటే బిడ్డకు ఏమవుతుందోనని భయం. సరే అంటే ఇంకో రకం భయం. రెండు భయాలకీ కారణాలు ఉన్నాయి. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతేలో హైదరాబాద్ ఇంజనీర్ ఒకరిని ద్వేషంతో కాల్చి చంపారు. 2024 నవంబర్‌లో అట్లాంటాలో చదువుకుంటున్న తెలంగాణ విద్యార్థి ఒకరు, కొత్తగా తీసుకున్న తన తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు.

చవక పిస్టల్ ఆపదలో పనిచేస్తుందా అన్న ప్రశ్నకు క్లుప్తంగా జవాబు ఇది: కొన్ని మోడళ్లు పనిచేస్తాయి, కొన్ని చేయవు, ధర చూసి ఆ తేడా చెప్పలేం. అయితే మనవాళ్లలో చాలామందికి ఈ ప్రశ్న కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటి ఉంది. అది వీసా.

ముందు వీసా సంగతి

ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, బి-2 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ, తూటా గానీ కలిగి ఉండటం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉన్నవారికి మినహాయింపు ఉంది. కానీ దాన్ని ఆసరాగా చేసుకునేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగాల్సిందే. స్నేహితుడు చెప్పాడని నమ్మి దిగే వ్యవహారం కాదిది.

"కలిగి ఉండటం" అంటే కొనడం ఒక్కటే అనుకోవద్దు. రూమ్‌మేట్ పిస్టల్ చేతిలోకి తీసుకున్నా, దుకాణం యజమాని కౌంటర్ కింద పెట్టిన పిస్టల్‌ను దగ్గర పెట్టుకున్నా, షూటింగ్ రేంజ్‌కి వెళ్లి అద్దె తుపాకీతో సరదాగా నాలుగు రౌండ్లు కాల్చినా దీని కిందికే రావచ్చు. ఆ సరదా ఫోటోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే అదే సాక్ష్యం అవుతుంది. ఈ నేరానికి గరిష్ఠ శిక్షను 2022లో 10 ఏళ్ల నుంచి 15 ఏళ్లకు పెంచారు. శిక్ష తర్వాత దేశం నుంచి పంపించేయడం కూడా ఉంటుంది.

లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర కొనేటప్పుడు ఫారం 4473 నింపాలి. అందులో వీసా హోదా గురించి అడుగుతారు, అబద్ధం రాస్తే అది మరో నేరం. గ్రీన్‌కార్డ్ ఉన్న బంధువు తన పేరు మీద కొని ఇవ్వడం కూడా నేరమే. సాయం చేయబోయిన మనిషి కూడా జైలుకు పోతాడు.

గ్రీన్‌కార్డ్ ఉన్నవారికి, పౌరులకు ఈ నిషేధం లేదు. కానీ రాష్ట్రాన్ని బట్టి నిబంధనలు మారతాయి. మన హైదరాబాదీలు ఎక్కువగా ఉండే చికాగో ఉన్న ఇలినాయ్‌లో తుపాకీ దగ్గర ఉంచుకోవాలంటే ఫోయిడ్ కార్డ్ ఉండాలి. న్యూజెర్సీలో హ్యాండ్‌గన్ కొనాలంటే ముందుగా పర్మిట్ తెచ్చుకోవాలి. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి, చట్టం అడ్డు చెప్పని 21 ఏళ్లు నిండినవారు పర్మిట్ లేకుండానే వెంట ఉంచుకోవచ్చు. డల్లాస్‌లో చెల్లేది చికాగోలో కేసు అవుతుంది.

చవక పిస్టల్‌కు చెడ్డపేరు ఎలా వచ్చింది

అమెరికాలో చవకబారు చిన్న పిస్టళ్లను "సాటర్‌డే నైట్ స్పెషల్" అని వెటకారంగా అనేవారు. 1968 గన్ కంట్రోల్ చట్టం ఇలాంటివాటి దిగుమతికి అడ్డుకట్ట వేసింది. కానీ దేశంలోనే తయారయ్యే వాటికి ఆ కొలతలు పెట్టలేదు. ఆ సందులోంచి కాలిఫోర్నియాలోని లాస్ ఏంజిలిస్ చుట్టుపక్కల కొత్త కంపెనీలు పుట్టుకొచ్చాయి. రేవన్, జెన్నింగ్స్, బ్రైకో, లార్సిన్, డేవిస్ వంటి ఈ కంపెనీల గుంపుకు "రింగ్ ఆఫ్ ఫైర్" అని పేరు పడింది. ఉక్కుకు బదులు కరిగించి అచ్చుపోసే జింక్ మిశ్రమం వాడటం, విడిభాగాలు తగ్గించడం, పాయింట్ 25 లాంటి చిన్న తూటాలకు సరిపోయేలా చేయడం వల్ల ధర బాగా తగ్గింది.

ఆ పొదుపు ఎంత దూరం పోయిందో ఒక కేసు చెబుతుంది. 1994లో కాలిఫోర్నియాలో ఒక ఇంట్లో బ్రైకో పిస్టల్ నుంచి తూటా తీసేద్దామని ప్రయత్నిస్తుంటే అది పేలి ఏడేళ్ల బాబుకు తగిలింది. బాబు మెడ కింది భాగం చచ్చుబడిపోయింది. ఆ పిస్టల్‌లో ఉన్న తూటాను బయటికి తీయాలంటే ముందు సేఫ్టీ మీటను "ఫైర్" వైపుకు తిప్పాల్సిందే. డిజైనే అలా ఉంది. 2003లో జ్యూరీ కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలని తీర్పు ఇచ్చింది, కంపెనీ దివాలా తీసింది. పిస్టల్ నమ్మకమైనదా అంటే కావాల్సినప్పుడు పేలడం ఒక్కటే చూడకూడదు. వద్దనుకున్నప్పుడు పేలకుండా ఉండటం కూడా అంతే ముఖ్యం.

పిస్టల్ ఎక్కడ మొరాయిస్తుంది

సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో ఒక తూటా పేలగానే పైనున్న స్లయిడ్ వెనక్కి జరుగుతుంది, ఖాళీ తొడుగును బయటికి విసురుతుంది, ముందుకొస్తూ మ్యాగజైన్‌లోంచి కొత్త తూటాను గొట్టంలోకి తోస్తుంది. రెప్పపాటులో జరిగే ఈ పనిలో ఎక్కడ తేడా వచ్చినా జామ్ అవుతుంది. మామూలుగా కనిపించే కారణాలు ఇవి:

మ్యాగజైన్: దాని పై అంచులు వంగినా, స్ప్రింగ్ బలహీనమైనా తూటా సరిగ్గా ఎక్కదు. చాలా జామ్‌లకు మూలం ఇక్కడే ఉంటుంది. చవక పిస్టల్‌తో వచ్చే మ్యాగజైన్ కూడా చవకదే.

తూటా రకం: గుండ్రటి మొన ఉన్న ప్రాక్టీస్ తూటాలతో చక్కగా నడిచిన పిస్టల్, ఆత్మరక్షణకు వాడే హాలో పాయింట్ తూటాల దగ్గర తడబడవచ్చు. పాయింట్ 22 తూటాల్లో పేలకుండా ఉండిపోయేవి 9 ఎం.ఎం. తూటాల కన్నా ఎక్కువ.

చేతి పట్టు: మణికట్టు వదులుగా ఉంటే స్లయిడ్ పూర్తిగా వెనక్కి పోదు. చిన్న, తేలికైన పిస్టళ్లలో ఈ ఇబ్బంది ఎక్కువ. కొత్తవాళ్లు "తుపాకీ చెడిపోయింది" అనుకునే సందర్భాల్లో కొన్నింటికి కారణం ఇదే.

మురికి, నూనె: కొన్నాక శుభ్రం చేయకుండా ఏడాదిపాటు డ్రాయర్‌లో పడేస్తే మంచి పిస్టల్ కూడా మొండికేస్తుంది.

ఇప్పటి చవక పిస్టళ్ల సంగతి

ఓహాయోకి చెందిన హై-పాయింట్ కంపెనీ 9 ఎం.ఎం. పిస్టల్ సుమారు 200 డాలర్లకు, ఒక్కోసారి అంతకన్నా తక్కువకే దొరుకుతుంది. దాని స్లయిడ్ కూడా జింక్ మిశ్రమమే. ఆ లోహానికి బలం తక్కువ కాబట్టి స్లయిడ్‌ను లావుగా, బరువుగా చేస్తారు. చూడ్డానికి మొరటుగా ఉంటుంది, జేబులో పట్టదు, మ్యాగజైన్‌లో పట్టేవి 8 తూటాలే. అయితే యంత్రాంగం సాదా. ఎవరి దగ్గర ఉన్నా సరే, జీవితకాల వారంటీ కింద కంపెనీ బాగుచేసి ఇస్తుంది.

బ్రెజిల్ కంపెనీ టారస్ చిన్న పిస్టళ్లు సుమారు 200 నుంచి 300 డాలర్ల మధ్య ఉంటాయి. వీటికి ఇప్పుడు గిరాకీ బాగా ఉంది. కానీ ఈ కంపెనీ పాత మోడళ్ల చరిత్ర తెలిసి ఉండాలి. పీటీ-111, పీటీ-140, పీటీ-24/7 సహా తొమ్మిది మోడళ్లు కింద పడితే పేలే ప్రమాదం ఉందంటూ వేసిన క్లాస్ యాక్షన్ కేసులో కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 2015లో రాజీ కుదుర్చుకుంది. దాని పరిధిలోకి వచ్చిన పిస్టళ్లు దాదాపు 10 లక్షలు. సెకండ్ హ్యాండ్‌లో చాలా తక్కువకు దొరికే పాత టారస్ ఆ జాబితాలోదేమో చూడకుండా కొనకూడదు.

మరి ఎక్కువ పెడితే చింత లేదా? అదీ లేదు. పేరున్న రూగర్ కంపెనీ తన ఎల్‌సీపీ పిస్టళ్లను, కింద పడితే పేలవచ్చన్న కారణంతో 2008లో వెనక్కి పిలిచింది. 500 డాలర్ల పైన పలికే సిగ్ సావర్ పీ320కి కూడా ఇదే సమస్య బయటపడటంతో కంపెనీ 2017లో ఉచితంగా మార్పులు చేసి ఇస్తామని ప్రకటించింది.

అమెరికాలో పిల్లల బొమ్మ నుంచి మిక్సీ దాకా లోపముంటే వెనక్కి పిలిపించే ప్రభుత్వ సంస్థ ఉంది. 1972లో ఆ సంస్థను ఏర్పాటు చేసిన చట్టమే తుపాకులను దాని పరిధిలోంచి తప్పించింది. అంటే బొమ్మ తుపాకీని వెనక్కి పిలిపించగలదు, నిజం తుపాకీని పిలిపించలేదు. కంపెనీ తనంతట తాను చెప్పాలి, లేదా కోర్టు చెప్పించాలి. కొనేవాడే మోడల్ నంబర్‌తో పాత ఫిర్యాదులన్నీ వెతుక్కోవాలి.

నమ్మకానికి ఒక కొలత

కాలిఫోర్నియా రాష్ట్రం ఇలాంటి చవకబారు పిస్టళ్ల వల్లే 1999లో చట్టం చేసి పరీక్ష పెట్టింది. ఒక్కో మోడల్‌లో మూడు పిస్టళ్లు తీసుకుని ఒక్కోదానితో 600 తూటాలు కాలుస్తారు. మొదటి 20 ఒక్కసారి కూడా ఆగకుండా పేలాలి, మొత్తం 600లో ఆరు కన్నా ఎక్కువసార్లు మొరాయించకూడదు, ఎక్కడా పగుళ్లు రాకూడదు. తర్వాత మీటరు ఎత్తు నుంచి కాంక్రీటు మీద వేర్వేరు కోణాల్లో పడేస్తారు. పేలకూడదు.

ఇంటి మనిషి 600 కాల్చనక్కర్లేదు. కానీ కొన్న పిస్టల్‌తో, రేంజ్‌లో, కనీసం 200 ప్రాక్టీస్ తూటాలు, ఇంట్లో ఉంచుకోబోయే రకం తూటాలు ఒక 50 కాల్చి చూడాలి. జామ్ అయితే కారణం మ్యాగజైనా, తూటానా, చేతి పట్టా అని తెలిసినవాళ్లతో చూపించుకోవాలి. కారణం తేలకుండా మళ్లీ మళ్లీ ఆగుతుంటే అది ప్రాణం మీదికొచ్చినప్పుడు నమ్ముకునే వస్తువు కాదు.

అసలు ఖర్చు లెక్క

పిస్టల్ 200 డాలర్లు. ప్రాక్టీస్ తూటా ఒక్కోటి 25 నుంచి 30 సెంట్లు అనుకుంటే, పరీక్షకూ నేర్చుకోవడానికీ కలిపి 500 తూటాలకు సుమారు 140. ఆత్మరక్షణ తూటా ఒక్కోటి డాలరు దాకా ఉంటుంది, 75 తూటాలకు 75 డాలర్లు. తాళం వేసే గట్టి పెట్టెకు 50. ఒకరోజు శిక్షణకు 100. రమారమి 565 డాలర్లు. రేంజ్ ఫీజు, పన్ను వేరే.

అంటే 200 డాలర్ల పిస్టల్ అసలు ఖరీదు దానికి రెట్టింపు పైనే. ప్రమాదం ఇక్కడే ఉంది. 200 మాత్రమే పెట్టగలిగినవాడు పిస్టల్ కొని, మిగతాదంతా వదిలేస్తాడు. పరీక్షించని పిస్టల్, అలవాటు లేని చేయి, తాళం లేని డ్రాయర్ మిగులుతాయి. మిగతా 365 పెట్టే స్తోమత లేకపోతే ఆ 200 కూడా పెట్టకపోవడమే మంచిది.

ఇంట్లోకి తెచ్చాక

2021లో అమెరికాలో తుపాకుల వల్ల 48,830 మంది చనిపోయారు. అందులో 26,328 మంది ఆత్మహత్య చేసుకున్నవారే, అంటే సగం కన్నా ఎక్కువ. దొంగ కోసం తెచ్చిన తుపాకీ ఇంట్లో దిగులుతో ఉన్న మనిషికి కూడా అందుబాటులో ఉంటుందని మరవకూడదు. ఉద్యోగం పోయినవారు, ఒంటరితనంతో కుంగిపోతున్నవారు, ఆవేశపరులు ఇంట్లో ఉంటే అసలు తీసుకురావద్దు. ముందే ఉంటే కొన్నాళ్లు ఇంటి బయటికి పంపించేయాలి.

పిల్లలున్న ఇంట్లో పిస్టల్ తాళం వేసిన పెట్టెలో ఉండాలి. పరుపు కింద, బీరువా పైన పెట్టడం దాచడం కిందికి రాదు. శుభ్రం చేసేముందు మ్యాగజైన్ తీసి, స్లయిడ్ వెనక్కి లాగి, గొట్టంలో తూటా లేదని కంటితో, వేలితో రెండుసార్లు చూసుకోవాలి. మ్యాగజైన్ తీసినా గొట్టంలో ఒకటి ఉండిపోవచ్చు. సరదాకైనా సోదరుడి వైపు ఆయుధం చూపవద్దని మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారించారు. రేంజ్‌లో మొదట నేర్పే పాఠం కూడా అదే.

దుకాణంలో పనిచేసే పిల్లలకు

గ్యాస్ స్టేషన్లు, కన్వీనియన్స్ స్టోర్లలో రాత్రిపూట పనిచేసేవారి కోసం అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా ఎప్పుడో సూచనలు ఇచ్చింది. గల్లాలో తక్కువ డబ్బు ఉంచడం, మిగతాది క్లర్క్ తెరవలేని డ్రాప్ సేఫ్‌లో వేయడం, లోపలా బయటా మంచి వెలుతురు, అద్దాల మీద పోస్టర్లు తీసేసి లోపల ఏం జరుగుతోందో రోడ్డు మీదికి కనిపించేలా చేయడం, కెమెరాలు, అలారం బటన్. వీటికి వీసా అడ్డు రాదు, జామ్ అయ్యే భయం లేదు. ఖర్చు యజమానిది. ఎదుటివాడి చేతిలో తుపాకీ ఉంటే గల్లా ఇచ్చేయాలి. ఆ డబ్బు యజమానిది, ప్రాణం మీది.

ఇక్కడి వారికి ఒక మాట. మన దేశంలో చవక పిస్టల్ అంటే దాదాపుగా లైసెన్స్ లేని నాటు తుపాకీయే. కాన్పూర్ ఆయుధ కర్మాగారం 2014లో మహిళల కోసమని తెచ్చిన నిర్భీక్ రివాల్వర్ ధరే లక్ష రూపాయలు దాటింది. పైపు ముక్కతో చేసిన నాటు తుపాకీ కాల్చినవాడి చేతిలోనే పగిలిపోవచ్చు. దొరికితే ఆయుధాల చట్టం కింద జైలు.

కాబట్టి ఫోన్‌లో ఆ మాట వచ్చినప్పుడు ధర గురించి చివర్లో మాట్లాడండి. నీ వీసా ఒప్పుకుంటుందా, మీ రాష్ట్రంలో పర్మిట్ కావాలా, ఆ మోడల్ మీద కేసులున్నాయా, ఎన్ని తూటాలు కాల్చి చూశావు, తాళం పెట్టె ఉందా, నీ మనసు ఎలా ఉంది బేటా? ఈ వరసలో అడగండి. మొదటిదానికే "లేదు" అని వస్తే మిగతావి అడగాల్సిన పని లేదు.