బందరు తీరం, డర్బన్ కెరటం

దక్షిణాఫ్రికా చరిత్ర అనగానే మన పత్రికలు గాంధీగారిని పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్లో రైలు దింపేయడంతో మొదలుపెట్టి, మండేలా జైలునుంచి బయటికి నడిచి రావడంతో ముగిస్తాయి. రెండూ జరిగినవే. డర్బన్‌లో కాపురం పెట్టిన నాబోటి దివిసీమవాడికి మాత్రం ఈ దేశం ముందు సముద్రం ఒడ్డునే అర్థమవుతుంది. ఇక్కడ కెరటం ఎప్పుడు రావాలో గాలి చెబుతుంది. ఆ కెరటంలోకి ఎవరు దిగాలో మొన్నమొన్నటిదాకా చట్టం చెప్పింది. గాలి సంగతి తెలిస్తేగాని చట్టం సంగతి పూర్తిగా తలకెక్కదు కనక ముందు దానితోనే మొదలుపెడతాను.

కాలాలు ఇక్కడ తలకిందులు. మనకు ఆషాఢ శ్రావణాలు నడుస్తూ, కాలవలకు నీళ్లు వదిలారా లేదా అని రైతులు ఎదురుచూసే రోజుల్లో డర్బన్‌లో చలికాలం. ఆఫ్రికా కొసకు దక్షిణాన, 40 డిగ్రీల అక్షాంశం దాటాక, గాలికి అడ్డంగా నేల దాదాపు లేదు. పడమటి గాలులు భూమి చుట్టూ ఆగకుండా తిరుగుతుంటాయి. వాటిలో అల్పపీడనాలు ఒకదాని వెనక ఒకటి తూర్పుకు సాగిపోతాయి. వేసవిలో ఈ వరస దక్షిణానికి జరిగిపోతుంది. జూన్ వచ్చేసరికి ఉత్తరానికి జరిగి కేప్‌టౌన్‌ను తడుపుతూ వెళ్తుంది. వాటి కింద లేచిన కెరటాలు ఒకటి రెండు రోజుల్లో డర్బన్ చేరతాయి.

దూరంనుంచి వచ్చిన అల తీరే వేరు. ఒక అలకూ ఇంకో అలకూ మధ్య 12 నుంచి 16 సెకన్ల ఎడం ఉంటుంది. దారిలో చిన్నాచితకా అలలన్నీ వెనకబడిపోయి, పొడుగాటివే వరసకట్టి ఒడ్డుకొస్తాయి. దగ్గర్లో వీచిన గాలికి లేచిన అల ఆరేడు సెకన్లకొకటి వస్తుంది, ఒకదాని మీద ఒకటి పడుతుంది. సర్ఫింగ్ బోర్డు పట్టుకున్నవాళ్లకు మొదటిదే కావాలి. దానికి తోడు చలికాలపు రాత్రుళ్లు డ్రేకెన్స్‌బర్గ్ కొండల వైపునుంచి చల్లబడిన గాలి పల్లానికి జారి, తెల్లవారుజామున సముద్రం మీదికి వీస్తుంది. ఆ ఎదురుగాలికి అల ముఖం గాజులా నునుపుగా నిలబడుతుంది. తొమ్మిది పది గంటల వరకే ఆ వైభోగం.

చలికాలంలో ఇంకో వింత, బెర్గ్ గాలి. పీఠభూమి మీదనుంచి దిగుతూ వేడెక్కిపోయే గాలి ఇది. జూలై నెలలో ఉన్నట్టుండి మన రోహిణి కార్తెలా వడ కొడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు చలికాలం అయిపోయిందనుకుని రగ్గులు ఎండలో వేస్తారు. పాతకాపులు నవ్వుకుంటారు. అది శీతల గాలికి ముందు నడిచే వేగు మాత్రమే. కొన్ని గంటల్లో గాలి నైరుతికి తిరిగి, వీధుల్లో ఇసుక లేపుతూ కమ్ముకొస్తుంది. మర్నాడో మూడోనాడో పెద్ద కెరటాలు.

వేసవిలో, అంటే మన కార్తీకం నుంచి మాఘం దాకా, ఈశాన్యపు గాలి రోజంతా ఒడ్డుకు కొట్టి నీటిని కలగాపులగం చేస్తుంది. అప్పుడు సర్ఫర్లు మొజాంబిక్ జలసంధి వైపు చూస్తారు. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడ తుపాను తిరిగితే తూర్పునుంచి మంచి కెరటాలు వస్తాయి. తుపాను కబురు విని కళ్లు వెలిగిపోయే మనుషులను నేను ఈ ఊళ్లోనే చూశాను. మా వైపు ఆ మాట చెవిన పడితే ముందు పశువుల కట్లు విప్పుతారు. ఇన్నేళ్లయినా ఆ సంతోషంలో నేను పాలు పంచుకోలేను.

వాళ్ల సంతోషానికీ మన భయానికీ కారణం ఒకటే, సముద్రం అడుగు. డర్బన్‌కు దక్షిణాన తీరం త్వరగా లోతవుతుంది. కెరటం దాదాపు ఒడ్డుదాకా తన బలంతోనే వచ్చి ఒక్కసారి విరుగుతుంది. మన మంగినపూడిలో అలా కాదు. కృష్ణమ్మ వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు మీద సముద్రం చాలా దూరం లోతు లేకుండా ఉంటుంది. ఇంగ్లీషువాళ్లు 1611లో బందరుకు వచ్చినప్పటినుంచీ పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక మైళ్ల అవతలే లంగరు వేసుకునేవి. ఆ మెరకలో అల అడుగు రాసుకుంటూ, కొంచెం కొంచెం విరుగుతూ, నీరసించి వస్తుంది. పైగా మ్యాపు తీసి చూడండి. దివిసీమకు దాదాపు నేరుగా దక్షిణాన శ్రీలంక ఉంది. దక్షిణ సముద్రంనుంచి మన దాకా రావలసిన దూరపు కెరటాల్లో చాలా భాగం ఆ ద్వీపానికే తగిలి ఆగుతుంది. దాన్ని చుట్టి వచ్చినవి ఐదారు రోజుల నుంచి వారం ప్రయాణం చేసి హంసలదీవి దగ్గర అలిసిపోయి తేలతాయి. కేరళ తీరానికి ఈ అడ్డు లేదు. అక్కడ గాలీ వానా లేని రోజున కూడా దక్షిణాదినుంచి వచ్చిన కెరటాలు ఇళ్లలోకి చొరబడతాయి. వాటి గురించి ముందుగా హెచ్చరించేది మన హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్.

రోజూ కెరటాన్ని మింగేసే ఆ మెరకే తుపాను నాడు పగబడుతుంది. గాలి నీటిని ఒడ్డుకు తోస్తే, లోతైన చోట ఆ నీరు అడుగునుంచి వెనక్కి పోతుంది. మెరకలో అడుగున చోటెక్కడిది? నీరు నీటిమీద కుప్పపడి ఉప్పెనవుతుంది. 1864 నవంబరు 1 రాత్రి బందరులో దాదాపు 30,000 మంది పోయింది అలాగే. 1977 నవంబరు 19న దివిసీమలో సొర్లగొంది, పాలకాయతిప్ప మీదికి వచ్చింది అదే. సర్కారు లెక్కలోనే మృతులు పదివేల దాకా ఉన్నారు. 2019 మార్చిలో ఇదాయ్ తుపానుకు మొజాంబిక్‌లోని బెయిరా మునిగినప్పుడు నాకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది. బెయిరా ముందు సముద్రం కూడా మెరకే. నది మొగలూ మడ అడవులూ ఉన్న పల్లపు నేల. అది వాళ్ల బందరు. డర్బన్ వాళ్లు పెద్ద కెరటాలతో ఆడుకుంటారు గాని, ఉప్పెనను కథలో కూడా ఎరగరు. వాళ్లకు అంతకు దగ్గరగా వచ్చింది 2007 మార్చి. తీరానికి దగ్గరగా నిలిచిన అల్పపీడనం లేపిన కెరటాలు, ఆ నెల పెద్ద పోటుతో కలిసి ఒడ్డున రోడ్లనూ గోడలనూ కూల్చేశాయి.

ఇక మనుషుల సంగతి. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసునుంచి 342 మందితో ఇక్కడికి చేరింది. డర్బన్ చుట్టూ ఉన్న నేటాల్ సీమ చెరుకు తోటల్లో ఐదేళ్ల ఒప్పందం మీద పనిచేయడానికి వచ్చిన మొదటివాళ్లు వాళ్లు. 1911లో ఆ రవాణా ఆగేసరికి లక్షన్నర మంది పైగా వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది మద్రాసు రేవున ఎక్కిన తమిళులు, తెలుగువాళ్లు. ఇప్పుడు డర్బన్‌లో ఏ వీధిలో చూసినా నాయుడు, రెడ్డి అనే ఇంటిపేర్లు తగులుతాయి. ఇక్కడ నాయుడు పేరు చివర రెండు సున్నాలు చుట్టి ‘నాయిడూ’ చేశారు. 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. తెలుగు మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు గాని ఉగాదికి పచ్చడి తప్పదు.

ఒప్పందం తీరాక కొందరు చెరుకుతోట వదిలి, తమకు తెలిసిన పనికి దిగారు. డర్బన్ అఖాతంలో సాలిస్‌బరీ దీవి మీద గుడిసెలు వేసుకుని చేపలు పట్టారు. వాళ్ల వల మన అలివి వల లాంటిదే. పడవ కెరటాలు దాటి అర్ధచంద్రాకారంగా వల వదిలి వస్తుంది, ఒడ్డున రెండు జట్లు రెండు కొసలూ లాగుతాయి. కెరటం ఎప్పుడు ఎత్తుకుంటుంది, రెండు కెరటాల గుంపుల మధ్య ఎంత వ్యవధి దొరుకుతుంది అన్నది తెలియకపోతే ఆ పడవ తిరగబడుతుంది. డర్బన్‌లో సర్ఫింగ్ బోర్డులు రాకముందే ఈ చలికాలపు కెరటాల గుట్టు పట్టినవాళ్లలో వీళ్లున్నారు. సర్ఫింగ్ చరిత్రలు రాసేవాళ్లకు ఇది ఎందుకో గుర్తురాదు.

వాళ్ల పెద్ద పండగ కూడా గాలి తెచ్చేదే. జూన్, జూలైలో, దక్షిణపు తీరం వెంట చల్లటి నీరు ఒక సన్నపాటి పట్టీలా ఉత్తరానికి ఎగబాకినప్పుడు, మన కవళ్ల జాతికి చెందిన సార్డీన్లు లక్షలకు లక్షలు దానితో పాటు వస్తాయి. బయట అగుల్హాస్ వెచ్చటి ప్రవాహం అడ్డు కనక అవి ఒడ్డును అంటిపెట్టుకునే రావాలి. నీరు 21 డిగ్రీల కంటే చల్లగా ఉండాలి, కెరటం కాస్త తగ్గాలి, గాలి ఒడ్డునుంచి వీయాలి. ఈ మూడూ కుదిరిన పొద్దున వలలు పడతాయి. వెనకే డాల్ఫిన్లు, షార్కులు, పైన పక్షులు. ఒడ్డున జనం బకెట్లతో, సంచులతో, ఏమీ లేనివాళ్లు కట్టుకున్న బట్ట కొంగుతో ఎగబడతారు. మొదటిరోజు బుట్ట ధర ఆకాశంలో ఉంటుంది. వారం తిరిగేసరికి అడిగే నాథుడుండడు.

రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళానికి కావాలని సాలిస్‌బరీ దీవినుంచి ఈ జాలరులను లేపేశారు. తర్వాత 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చింది. ఏ రంగువాడు ఏ పేటలో ఉండాలో సర్కారే గీత గీసింది. భారతీయులకు సముద్రానికి దూరంగా, లోపల గుట్టల మీద చాట్స్‌వర్త్ కట్టారు. ఒడ్డున పుట్టిన కుటుంబాలు అక్కడికి చేరాయి. విచిత్రమేమిటంటే 1961లో అదే సాలిస్‌బరీ దీవి మీద, నౌకాదళం వదిలిన కట్టడాల్లో, భారతీయుల కోసమని వేరే విశ్వవిద్యాలయ కళాశాల పెట్టారు. తాతలను వెళ్లగొట్టిన దీవికి మనవలు పుస్తకాలు పట్టుకుని పడవలో వెళ్లారు.

1953లో బీచ్‌లకూ బెంచీలకూ రంగు లెక్కన వేర్వేరు హక్కులు రాసిన చట్టం వచ్చింది. డర్బన్‌లో మంచి కెరటం విరిగే చోట్లన్నీ తెల్లవాళ్ల వాటాకు పడ్డాయి. స్నానాల బీచ్‌ల దగ్గర, ఈ తావు తెల్లజాతివారికి మాత్రమే అని మూడు భాషల్లో బోర్డులుండేవి. సరిగ్గా ఆ కెరటాల మీదే 1969 నుంచి చలికాలపు సర్ఫింగ్ పోటీ మొదలైంది. గన్‌స్టన్ 500 పేరుతో ప్రపంచమంతా తెలిసింది. జూలైలో పెట్టడం దక్షిణపు కెరటాల లెక్కే. డర్బన్ కుర్రాడు షాన్ టామ్సన్ దాన్ని 1973 నుంచి 1978 దాకా వరసగా ఆరుసార్లు గెలిచాడు. 1977లో ప్రపంచ విజేత అయ్యాడు. ఆ ఏడే దివిసీమ మునిగింది.

1972లో ఆ పోటీకి హవాయినుంచి ఎడ్డీ ఐకావ్ వచ్చాడు. సర్ఫింగ్ అనే విద్యనే ప్రపంచానికి ఇచ్చిన జాతి బిడ్డ. ఒంటి రంగు చూసి హోటల్లో గది ఇవ్వలేదు. టామ్సన్ కుటుంబం ఇంటికి తీసుకెళ్లి ఆదరించింది. 1985లో ఆస్ట్రేలియాకు చెందిన ప్రపంచ విజేత టామ్ కారొల్ వర్ణవివక్షకు నిరసనగా ఇక్కడి పోటీలకు రానన్నాడు. ఆటగాళ్ల బహిష్కరణ అంటే మనవాళ్లకు క్రికెట్టే గుర్తొస్తుంది, కెరటాల మీద కూడా జరిగిందన్నది మనదాకా రాలేదు. 1989లో ఉద్యమకారులు నిషేధించిన బీచ్‌లలోకి గుంపులుగా దిగారు. ఆ సంవత్సరం నవంబరు 16న అధ్యక్షుడు డిక్లర్క్ బీచ్‌లన్నీ అందరికీ తెరుస్తున్నట్టు ప్రకటించాడు. ట్రూరో ఓడ వచ్చిన తేదీ కూడా అదే. మధ్యలో 129 ఏళ్లు.

బందరువాళ్లకు పనికొచ్చే మాట ఒకటుంది. డర్బన్ రేవు మూతికి ఒకప్పుడు ఇసుక తిన్నె అడ్డం. పెద్ద ఓడలు బయటే ఆగితే ప్రయాణికులను పేము బుట్టల్లో కూర్చోబెట్టి చిన్న ఓడలోకి దించేవారు. రెండు వైపులా రాతికట్టలు కట్టి, తవ్వి తవ్వి, 1904లో ఆర్మడేల్ కాసిల్ అనే పెద్ద ఓడను లోపలికి తెచ్చారు. రేవు గెలిచింది. అయితే దక్షిణపు కెరటాలు ఒడ్డు వెంట ఉత్తరానికి మోసుకొచ్చే ఇసుక ఆ కట్టల దగ్గరే ఆగిపోయి, ఊరి ముందున్న బీచ్‌లు కోసుకుపోయాయి. నేటికీ ఆ ఇసుకను తవ్వి, గొట్టాలతో అవతలికి పంపి పోస్తూనే ఉన్నారు. ఖర్చు ఏటా తప్పదు. మన బందరు కొత్త రేవుకు 2023 మేలో శంకుస్థాపన అయింది, దానికీ రాతికట్టలున్నాయి. మన తీరంలోనూ ఏడాది మొత్తం మీద ఇసుక నడక ఉత్తరానికే ఎక్కువ. విశాఖలో ఆర్కే బీచ్‌కు రేవు ఇసుక తెచ్చి పోయవలసి వస్తోంది అందుకే. కట్టలకు ఉత్తరాన ఉన్న పల్లెలు తమ ఒడ్డును ఇప్పటినుంచే ఏటా కొలిచి రాసిపెట్టుకుంటే మంచిది. తర్వాత అడగడానికి ఆ కాగితమే ఆధారం.

ఇప్పుడు చలికాలపు పొద్దున డర్బన్ పియర్ల దగ్గర నిలబడితే నీళ్లలో అన్ని రంగుల పిల్లలూ కనిపిస్తారు. సమానమైపోయారని చెప్పను. బోర్డు ఖరీదుంది, ఒడ్డుకు రావడానికి టాక్సీ చార్జీ ఉంది. చాట్స్‌వర్త్ గుట్టలు ఇంకా అంతే దూరంలో ఉన్నాయి. 2022 ఏప్రిల్లో, పడమటి గాలుల వరసనుంచి తెగి ఒకచోట నిలిచిన అల్పపీడనం కుంభవృష్టి కురిపిస్తే నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. ఎక్కువగా కూలింది గుట్టల వాలుల్లో, వాగుల ఒడ్డున కట్టుకున్న పేదల ఇళ్లు. మురుగు కలిసి బీచ్‌లు నెలల తరబడి మూతపడ్డాయి.

గుడివాడనుంచి మా బావమరిది ఏటా ఫోన్ చేసి డిసెంబరు సెలవుల్లో వస్తానంటాడు. ఆ నెలలో టిక్కెట్టు ఖరీదు, బీచ్ మీద తిరునాళ్ల జనం, ఈశాన్యపు గాలికి చెదిరిన నీళ్లు. జూన్ చివర రమ్మంటున్నాను. నాట్లు ఉంటాయంటాడు. ప్రాజెక్టులో నీళ్లు లేక కాలవలు ఆలస్యంగా వదిలిన ఏడు అయితే కుదురుతుందేమో, సార్డీన్లు ఆలోపు వచ్చి పోకుండా ఉంటే.