ఐదు రూపాయల నేల టికెట్టు - ఎవరికి గిట్టుబాటు?

రెండేళ్ళ క్రితం ప్రాజెక్టు పని మీద నాలుగు నెలలు ఇంగ్లండ్‌లో ఉండాల్సొచ్చింది. అక్కడ మా టీములో ఉన్న ఒక పెద్దాయన ఓ శనివారం నన్ను వాళ్ళ ఊరి జట్టు ఫుట్‌బాల్ మ్యాచ్‌కి లాక్కెళ్ళాడు. ఆ జట్టు ఆడేది లీగ్ టూలో. పేరు చూసి రెండో డివిజన్ అనుకునేరు, అది నిజానికి నాలుగో అంచె. (పేర్లు పెట్టడంలో వాళ్ళు కూడా మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ లాంటివాళ్ళే :)) టికెట్టు 22 పౌండ్లు. పైన చినుకులు, కింద బురద, స్కోరు సున్నా-సున్నా. ఆన్‌సైట్‌కి వెళ్ళిన ప్రతివాడికీ ఉండే రోగం నాకూ ఉంది కాబట్టి వెంటనే రూపాయల్లోకి మార్చి చూసుకున్నాను. రెండు వేలు పైమాటే!

తిరిగి వస్తుంటే ఉండబట్టలేక అడిగేశాను, "ఈ ఆటకి ఆ రేటు ఎక్కువ కాదా?" అని. "ఎక్కువే" అని చాలా తేలిగ్గా ఒప్పేసుకున్నాడు. "కానీ ఇది ఇవాళ్టి ఆటకి మాత్రమే ఇచ్చిన డబ్బు కాదు. మేం నాలుగు వారాలు రావడం మానేస్తే ఈ గ్రౌండ్‌లో ఇళ్ళు కట్టేస్తారు" అన్నాడు.

ఆ మాటకి నాకు మా అమ్మమ్మ వాళ్ళ ఊరి సినిమా హాలు గుర్తొచ్చింది. అది కూడా ఓ రకంగా నాలుగో అంచె జట్టే కదా!

మాది చెరుకుపల్లి. ఒకప్పుడు గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. అటు రేపల్లె, ఇటు బాపట్ల, కాస్త దూరంలో తెనాలి. సినిమాకి మా ప్రాంతం ఇచ్చినంతమందిని ఇంకే ప్రాంతమైనా ఇచ్చిందా అని మావాళ్ళు గొప్పలు పోతుంటారు. కృష్ణ గారిది బుర్రిపాలెం, జగ్గయ్య గారిది మోరంపూడి, గుమ్మడి గారిది రావికంపాడు, విజయా వారి చక్రపాణి గారిది తెనాలి. నిజమే, కానీ వాళ్ళ సినిమాలు మా పల్లెలకి చేరడానికి మాత్రం పెద్ద వరసే ఉండేది. ప్రింట్లు కొన్నే ఉండేవి. ముందు ఎ సెంటర్లు, తర్వాత బి సెంటర్లు, అక్కడ ఆడి ఆడి గీతలు పడ్డాక సి సెంటర్లు. అమ్మమ్మ వాళ్ళ ఊరు మరి సి లో కూడా చివరి బెంచీ. "బాక్సు రాలేదు" అని ఫస్ట్ షో వాళ్ళని సెకండ్ షో దాకా కూర్చోబెట్టిన రోజులున్నాయంటే అర్థం చేసుకోండి.

నాకు ఊహ తెలిసేటప్పటికి, అంటే 2003-04 ప్రాంతంలో, ఆ హాల్లో నేల ఐదు రూపాయలు. దాని వెనక బెంచీ, ఆ వెనక కుర్చీ. నేలంటే నిజంగా నేలే. ఇసుక కుప్ప చేసుకుని దాని మీద కూర్చునేవాళ్ళం. రీలు మధ్యలో తెగేది, కరెంటు పోయేది, పాట ఒకటి మాయమయ్యేది. అయినా ఐదు రూపాయలు ఎక్కువని ఎవరూ అన్నట్టు నాకు గుర్తులేదు. పాత సినిమా, పాత ప్రింటు, తక్కువ రేటు... లెక్క సరిపోయేది.

సరే, ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం. ఈ లెక్క ఎక్కడ తప్పిందో అప్పుడు గానీ అర్థం కాదు.

మొదట ఇంగ్లండ్ వాళ్ళ కథ. 1888లో 12 జట్లతో వాళ్ళ ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. రెండేళ్ళకే, 1890లో, వాళ్ళొక రూలు పెట్టుకున్నారు. పెద్దవాళ్ళ టికెట్టు ఆరు పెన్నీలకి తగ్గకూడదు అని. గమనించండి, "మించకూడదు" అని కాదు, "తగ్గకూడదు" అని! మొదటి ప్రపంచయుద్ధం తర్వాత అది షిల్లింగు అయ్యింది. 1920లో మూడో డివిజన్ పుట్టాక దానికీ అదే రూలు. పక్క ఊరి జట్టు రేటు తగ్గించి మన జనాన్ని లాక్కుపోవడం ఉండదు, గేటు దగ్గర వచ్చే డబ్బుకి ఒక అడుగుమట్టం ఉంటుంది. దీనికి రెండో వైపు కూడా ఉందనుకోండి. 1930ల్లో ఉద్యోగాలు పోయినప్పుడు చాలామంది కార్మికులకి ఆ షిల్లింగు కూడా బరువయ్యింది. చాలా ఏళ్ళ తర్వాత, 2016-17 సీజన్ నుంచి వాళ్ళు పైలిమిట్ కూడా ఒకటి పెట్టారు. కానీ ఎక్కడ? ప్రీమియర్ లీగ్‌లో, బయట ఊరి నుంచి వచ్చే అభిమానుల టికెట్టు 30 పౌండ్లు మించకూడదని. అంటే లీగులో చిన్నవాడు కూడా బతకాలని ఒకప్పుడు కింద నేల వేశారు, డబ్బు బాగా తిరిగే పై అంచెలో ఈమధ్య కప్పు వేశారు.

ఇప్పుడు మన కథ. మనం ఎప్పుడూ కప్పు గురించే ఆలోచించాం.

1984లో మన రాష్ట్రంలో వినోదపన్ను చట్టాన్ని మార్చారు. అంతకుముందు అమ్మిన టికెట్టుని బట్టి పన్ను. మార్చాక, హాలు మొత్తం నిండితే ఎంత వసూలవుతుందో ఆ మొత్తంలో ఇంత శాతం అని. మావాళ్ళు ఇప్పటికీ "స్లాబ్ సిస్టం" అంటారు దీన్ని. మన భాషలో చెప్పాలంటే, వాడినంతకే కట్టే క్లౌడ్ ప్లాన్ తీసేసి, వాడినా వాడకపోయినా మొత్తం సర్వర్‌కి అద్దె కట్టమన్నట్టు. ప్రభుత్వం వైపు నుంచి చూస్తే తెలివైన పనే. టికెట్లు తక్కువ అమ్మినట్టు చూపించి పన్ను ఎగ్గొట్టే దారి మూసుకుపోయింది. రోజూ హౌస్‌ఫుల్ అయ్యే హాలుకి ఇది లాభం కూడా. కానీ వారంలో మూడు రోజులు సగం ఖాళీగా ఉండే హాలు సంగతేంటి? ఖాళీ కుర్చీకి కూడా పన్నే! హాళ్ళ వాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. నిండే హాలునీ నిండని హాలునీ ఒకే గాట కట్టడం సమానత్వం కాదని వాళ్ళ వాదన. 1993లో కోర్టు ఒప్పుకోలేదు, చట్టం చెల్లుతుందంది. చట్టం చెల్లొచ్చు. పెద్ద హాలు కొలతతో చిన్న హాలుని కొలిచారన్న మాట మాత్రం మిగిలిపోయింది. చివరికి 2017 జులై 1న రాష్ట్ర వినోదపన్ను జీఎస్టీలో కలిసిపోయాక, మళ్ళీ అమ్మిన టికెట్టు మీదే పన్ను అయ్యింది.

ఈలోగా ఇంకో మార్పు. 2005 తర్వాత మెల్లగా డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చింది. బాక్సు కోసం ఎదురుచూసే బాధ పోయింది. హైదరాబాదులో రిలీజైన రోజే పల్లెలో కూడా బొమ్మ పడేది. అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఆ రోజు పండగే! కానీ ఊరికే రాలేదు. ప్రొజెక్టర్ వాళ్ళకి వారం వారం డిజిటల్ ఛార్జీలు కట్టాలి. 2018 మార్చి 2 నుంచి కొన్ని రోజులు తెలుగు రాష్ట్రాల్లో హాళ్ళు మూసేసింది ఈ ఛార్జీల గొడవ మీదే. ఇక్కడ కూడా అదే తిరకాసు. ఆరొందల సీట్ల హాలుకీ, మూడొందల సీట్ల హాలుకీ మెషీన్ ఒకటే, కరెంటు వైరూ ఒకటే.

2019 సంక్రాంతికి ఊరెళ్ళేసరికి హాలు మూసేసి ఉంది. ఇప్పుడది ధాన్యం గోడౌను. అక్కడ ఆపరేటర్‌గా చేసినాయన్ని మేం బాబాయ్ అని పిలిచేవాళ్ళం. టీకొట్టు దగ్గర కనిపిస్తే, "ఏంది బాబాయ్, ఎందుకు మూసేశారు?" అని అడిగాను.

"ఏం చెప్పమంటావ్ అబ్బాయ్... మీరే కదా సెల్లుల్లో చూసేది" అని నవ్వాడు. తర్వాత నిదానంగా, "మొదటి రెండ్రోజులు జనం. మూడో రోజు నుంచి నలభై మంది. నలభై మందికైనా నాలుగొందల మందికైనా బొమ్మ అదే వెయ్యాలి గదా" అన్నాడు.

అందుకే ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. తర్వాత వచ్చిన జీవో 35 వల్ల ఆ హాలు పోయిందని నేను స్నేహితుల దగ్గర చాలాసార్లు వాదించాను. అది తప్పు. జీవో వచ్చేసరికే హాలు పోయింది. టీవీ, పైరసీ, ఫోను, రేపల్లె తెనాలి వెళ్ళడానికి మంచి రోడ్డు, అన్నీ కలిసి చేసిన పని అది. కాకపోతే మిగిలిన హాళ్ళని ఎలా చూడకూడదో మాత్రం ఆ జీవో బాగా చూపించింది.

2021 ఏప్రిల్ 8న వచ్చిన ఆ జీవోలో గ్రామపంచాయతీల్లో ఏసీ లేని హాలుకి రేట్లు 5, 10, 15 రూపాయలు. ఏసీ ఉంటే 10, 15, 20. అదే తెనాలి, బాపట్ల, రేపల్లె లాంటి మునిసిపాలిటీల్లో ఏసీ హాలుకి 30, 50, 70. అంటే చెరుకుపల్లి పంచాయతీ కాబట్టి ఏసీ హాలున్నా పైతరగతి 20, బస్సెక్కి రేపల్లె వెళ్తే అదే సినిమాకి 70. నా చిన్నప్పుడు గీతలు పడ్డ ప్రింటుకి నేల ఐదు రూపాయలు. పదిహేడేళ్ళ తర్వాత, రిలీజు రోజు డిజిటల్ బొమ్మకి కూడా కింది తరగతి ఐదు రూపాయలే!

ఒక చిన్న లెక్క వేద్దాం. మూడొందల సీట్లు, తరగతికి వంద చొప్పున. హాలు మొత్తం కిటకిటలాడినా ఆటకి 3,000 రూపాయలు. బాబాయ్ చెప్పిన నలభై మంది వస్తే, అందరూ పైతరగతి కొన్నా 600. అందులోంచే కరెంటు, జీతాలు, డిజిటల్ ఛార్జీలు, సినిమా వాటా. ఆ డిసెంబరులో హీరో నాని, హాలు పక్కన కిరాణా కొట్టు కలెక్షనే ఎక్కువుంటుందన్నట్టు మాట్లాడితే పెద్ద గొడవైంది గుర్తుందా? పల్లె హాలు వరకూ అది అతిశయోక్తి కాదు.

డిసెంబరు 14న హైకోర్టు ఆ జీవోని సస్పెండ్ చేసింది. 2022 మార్చి 7న జీవో 13 వచ్చింది. పంచాయతీల్లో ఏసీ లేని హాలుకి 20, 40, ఏసీకి 50, 70. పావు వంతు సీట్లు తక్కువ రేటు తరగతికి ఉంచాలి. నా మట్టుకు నాకు ఇది మొదటిదానికంటే చాలా నయం. కూలికి వెళ్ళొచ్చే మనిషికి ఒక చోటు ఉంటుంది, మిగతా సీట్లతో హాలు ఊపిరి పీల్చుకుంటుంది.

కానీ అదే జీవోలో ఇంకో తలుపు తెరిచారు. భారీ బడ్జెట్ సినిమాలకి మొదటి పది రోజులు రేటు పెంచుకునే వీలు. ఆ నెలలోనే ఆర్ఆర్ఆర్‌కి టికెట్టు మీద 75 రూపాయలు పెంచుకోనిచ్చారు. 2024 డిసెంబరులో పుష్ప 2 ముందురోజు షోకి 800 అయ్యింది. ఇంగ్లండ్ వాళ్ళు పై అంచెకి వేసిన కప్పుని మనం సరిగ్గా అదే పై అంచెకి తీసేస్తున్నాం. పెద్ద సినిమా వారం రోజుల్లో జేబులు ఖాళీ చేసి వెళ్ళిపోతే, తర్వాతి నెల చిన్న సినిమాకి హాలుకొచ్చేదెవరు? 2024 మే లో తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు సినిమాల్లేక, జనం లేక పది రోజులు మూసుకున్నాయి. 2025లో హాళ్ళ వాళ్ళు అద్దె పద్ధతి కాదు, వసూళ్ళలో శాతం కావాలని అడిగారు. జూన్ 1 నుంచి మూసేస్తామని కూడా అన్నారు, తర్వాత వెనక్కి తగ్గారు.

"నీకేం, లక్షల జీతం, పల్లెలో టికెట్టు పెంచమంటావు" అని ఎవరైనా అంటే ఆ మాటలో బలం ఉందని ఒప్పుకుంటాను. అమ్మమ్మ కూడా ఇదే అంది, "ఐదు రూపాయలు గాబట్టేరా మేం చూసింది" అని. అమ్మమ్మ మాట కాదనను. అందుకే ఆ పావు వంతు సీట్లు ఉండాల్సిందే అంటున్నాను. కానీ హాలే లేని ఊళ్ళో ఐదు రూపాయల టికెట్టు ఎవరికి చవక? ఇప్పుడు ఆ ఊరి నుంచి సినిమాకి వెళ్ళాలంటే రేపల్లెకి రానూపోనూ ఛార్జీలు, పైన టికెట్టు. ఇంట్లో నలుగురుంటే లెక్క మీరే వేసుకోండి. సెకండ్ షో ఆలోచన అసలే లేదు, వెనక్కి బస్సుండదు. అమ్మమ్మ ఆఖరిసారి హాల్లో సినిమా చూసి ఎన్నేళ్ళయ్యిందో అడిగితే తనకే గుర్తులేదు.

ఆ ఇంగ్లండ్ పెద్దాయన 22 పౌండ్లు ఎక్కువే అన్నాడు, అయినా ఇచ్చాడు. ఆయనకి ఇచ్చే శక్తి ఉంది, రెండు వారాలకోసారి వెళ్ళే అలవాటు ఉంది. మేం ఐదు రూపాయలు చవకే అనుకున్నాం, ఇచ్చాం. డబ్బులొచ్చాక మాత్రం మల్టీప్లెక్సులో పాప్‌కార్న్‌కి మూడొందలు పెట్టి, సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు కూడా ఆ హాలు గడప తొక్కలేదు. ఇందులో నేనూ ఉన్నాను. 2015 తర్వాత ఆ హాల్లో నేను ఒక్క టికెట్టు కూడా కొనలేదు. జీవోలని తిట్టేటప్పుడు ఆ సంగతి కూడా గుర్తుంచుకోవాలనిపించింది.

మీ ఊళ్ళో హాలు ఇంకా నడుస్తుంటే, ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు ఒక ఆట చూసి రండి. సినిమా ఎలా ఉన్నా ఫర్లేదు.