నూటొక్క దర్వాజల ఇంట్లో మన దర్వాజ ఏది?

మిత్రులారా, పోయిన వారం బొడ్రాయి గురించి రాస్తే, "సార్, పెద్దోళ్ల పాత ఇండ్ల గురించి కూడా రాయండి" అని చాలామంది విద్యార్థులు అడిగారు. ఈ వారం అదే.

ఆ మధ్య మా డిగ్రీ పిల్లలను తీసుకొని భూదాన్ పోచంపల్లికి వెళ్లాను. పాత నల్లగొండ జిల్లా. ఇక్కత్ చీరల ఊరు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అక్కడ మగ్గాల తర్వాత చూడమని చెప్పేవి రెండు కట్టడాలు. ఒకటి నూటొక్క దర్వాజల ఇల్లు. నిజాం కాలంలో పన్నులు వసూలు చేసిన అధికారిదని చెబుతారు. రెండోది వినోబా మందిరం.

దర్వాజల ఇంటి ముందు నిలబడి పిల్లలు లెక్క మొదలుపెట్టారు. ఒకమ్మాయి మధ్యలో ఆపి అడిగింది: "సార్, ఇన్నిట్ల మనోళ్లు ఏ దర్వాజకెల్లి పోయేటోళ్లు?"

దానికి జవాబు చెప్పాలంటే మన దిక్కు పెద్దిండ్లు ఎట్లా కట్టేవారో చూడాలి. మందమైన మట్టి గోడ, లేదంటే రాయి, డంగు సున్నం. నడుమ ఆకాశం కనిపించే భవంతి. దాని చుట్టూ మొగురాల మీద నిలిచిన పడసాల, ఆ వెనుక అర్రలు. గోడ మందంగా ఉంటే పగటి వేడి లోపలికి చేరేసరికి పొద్దుగూకుతుంది. భవంతిలోంచి వేడి గాలి పైకి పోతుంటే, ఎదురెదురు దర్వాజల్లోంచి గాలి ఆడుతుంది. కరెంటు లేని రోజుల్లో పాలమూరు, నల్లగొండ ఎండలను తట్టుకున్న తెలివి అది.

ఆ తెలివి చేతుల్లో ఉన్నది ఎవరికి? రాయి కొట్టింది వడ్డెరలు. మట్టి తొక్కి గోడ పెట్టింది ఉప్పరులు. పెంక కాల్చింది కుమ్మరులు. దర్వాజ చెక్కింది వడ్లోళ్లు, దానికి మేకులు చేసింది కమ్మరులు. నీళ్లు తోడిన తోలు బొక్కెన మాదిగలు కుట్టింది. తట్టలు మోసింది మాల మాదిగలు. దొరల ఇండ్లకు ఇందులో ఎంతో పని వెట్టి కింద జరిగింది. కట్టించినవాడి పేరు ఇంటికి నిలిచింది. కట్టినవాళ్ల పేర్లు ఎక్కడా రాసి లేవు.

ఇక దర్వాజల సంగతి. ఇవి గాలితో పాటు మనుషులను కూడా ఎక్కడికక్కడ ఆపేవి. ముందు దర్వాజ, అరుగు సాటి పెద్దకులాలవాళ్లకు. పడసాల దొరకు, లెక్కలు రాసే పట్వారీకి. పని కులాలవాళ్లకు వెనుక దొడ్డి దర్వాజ. మాల మాదిగలు గొడ్ల కొట్టం దాకా, అంతే. వాళ్లు పండించిన ధాన్యం లోపల గరిసెల్లోకి, పాతరల్లోకి పోయేది. పండించిన మనిషి బయట చెప్పులు చేతబట్టుకొని నిలబడేవాడు. అంటరానితనం మాటల్లోనే కాదు, ఇంటి నక్షాలోనే ఉంది.

మా అవ్వది పాలమూరు పల్లె. ఊరి దొరింట్లో గొడ్ల కొట్టం ఊడ్చి పేడ ఎత్తేది. ఆ ఇల్లు లోపల ఎట్లుంటదవ్వా అని ఒకసారి అడిగాను. "నాకేమెరుక బిడ్డా, నేను చూసింది ఎనుక గోడే" అన్నది. వయసంతా ఒక ఇంటికి చాకిరీ చేసిన మనిషికి ఆ ఇంటి ముందు దర్వాజ ఎట్లుంటదో తెలియదు. నా పీహెచ్‌డీ కోసం చదివిన పుస్తకాల్లో ఈ మాట నాకు దొరకలేదు.

ఇప్పుడు రెండో కట్టడానికి వద్దాం. 1951 ఏప్రిల్. 1946లో రాజుకున్న తెలంగాణ సాయుధ పోరాటాన్ని ఇంకా విరమించలేదు. అది ఆ ఏడాది అక్టోబరులో జరిగింది. దున్నేవాడికే భూమి అన్న మాట నల్లగొండ పల్లెలన్నిటికీ చేరి ఉంది. హైదరాబాద్ దగ్గర శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం ముగించుకొని, వినోబా భావే నడుచుకుంటూ ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. దళితవాడకు పోయి, మీకేం కావాలని అడిగారు. నలభై కుటుంబాలవాళ్లు 80 ఎకరాలు కావాలన్నారు. 40 తరి, 40 ఖుష్కి. ఊరివాళ్ల ముందు వినోబా ఆ మాట పెట్టగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ మొదలైంది. ఊరి పేరుకు ముందు 'భూదాన్' చేరింది.

ఒక్కసారి ఆగి ఆ లెక్క మళ్లీ చదవండి. వాళ్లు గింజలు అడగలేదు, బట్టలు అడగలేదు. ఇంత తరి, ఇంత ఖుష్కి అని లెక్కగట్టి భూమి అడిగారు. వ్యవసాయం తెలిసిన మనుషుల లెక్క అది. దేశమంతా నడిచిన ఉద్యమానికి మొదటి వాక్యం వెలివాడ నోటినుంచి వచ్చింది. కానీ చరిత్ర చెప్పేటప్పుడు ఇప్పించినాయన పేరు, ఇచ్చినాయన పేరు చెబుతాం. అడిగిన నలభై కుటుంబాలు 'హరిజనులు' అన్న ఒక్క మాటలో కలిసిపోయాయి.

1965లో భూదాన, గ్రామదాన చట్టం వచ్చింది. దానంగా వచ్చిన భూముల్లో ఎన్నో సాగుకు పనికిరానివి. హైదరాబాద్ చుట్టుపక్కల ధర పెరిగినవేమో ప్లాట్లలో, కోర్టు కేసుల్లో చిక్కుకున్నాయి.

దొరల ఇండ్లన్నీ కూలగొట్టాలని మన మిత్రులు కొందరు అంటారు. వాళ్ల కోపం నాకు తెలుసు. కానీ కూలిస్తే మన సాక్ష్యం కూడా కూలిపోతుంది. వనపర్తి రాజావారి ప్యాలెస్ పాలిటెక్నిక్ కాలేజీ అయింది. మన పిల్లలు అందులో ముందు దర్వాజ నుంచే క్లాసుకు పోయారు. అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని విట్నీ తోటను 2014లో మ్యూజియంగా తెరిచారు. యజమాని బంగళాను ఉంచారు. అక్కడ చాకిరీ చేసిన బానిసల పేర్లను రాతి గోడల మీద చెక్కారు. అక్కడికి వెళ్లినవాళ్లు వినేది బానిసల కథ.

తెలంగాణలో 2017లో వారసత్వ పరిరక్షణ చట్టం వచ్చింది. పాత ఇంటిని కాపాడండి, మంచిదే. ముందు దర్వాజతో పాటు దొడ్డి దర్వాజను కూడా కాపాడండి. కట్టిన కులాల పని గురించి, వెట్టి గురించి బోర్డు పెట్టండి. పోచంపల్లిలో భూమి అడిగిన నలభై కుటుంబాల పేర్లు రాయి మీద చెక్కండి.

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ సెలవుల్లో మీ ఊరి దొరింటి నక్షా గీయండి. మీ అవ్వను, తాతను పక్కన కూర్చోబెట్టుకొని, వాళ్లు ఎక్కడిదాకా పోయేవాళ్లో అక్కడ గుర్తు పెట్టండి. ఆలస్యం చేయకండి. మా అవ్వను నేను ఒక్కసారే అడగగలిగాను.

జై భీమ్.