గీజర్ నీళ్లు సలసల కాగుతున్నాయా? కటౌట్ తీసేసి వాడితే ప్రాణాలకే ముప్పు!

పటాన్‌చెరు, సంగారెడ్డి వైపు బోరు నీళ్లు వాడే ఇళ్లలో గీజర్ లోపల తెల్లటి సున్నపు పొర పేరుకోవడం మామూలే. ఈ పొర పట్టినా, థర్మోస్టాట్ పాడైనా నీళ్లు మితిమీరి వేడెక్కుతాయి. 60 డిగ్రీల నీళ్లు పడితే దాదాపు 5 సెకన్లలోనే చర్మం తీవ్రంగా కాలుతుంది. పిల్లలకు ఇంకా త్వరగా!

ఏం చేయాలి?

* ట్యాప్‌లోంచి ఆవిరి వస్తుంటే వెంటనే ఎంసీబీ ఆపేయండి. పూర్తిగా చల్లారేదాకా గీజర్‌ను ముట్టుకోవద్దు.
* థర్మోస్టాట్ నాబ్ బయటే ఉంటే 50 డిగ్రీల దగ్గర పెట్టి చూడండి. కవర్ లోపల ఉంటే ఎలక్ట్రీషియన్‌నే పిలవండి.
* తగ్గించినా నీళ్లు మరుగుతూ, హీటింగ్ లైట్ ఆరకుండా వెలుగుతుంటే థర్మోస్టాట్ పట్టేసినట్టే. మార్చాల్సిందే.
* కటౌట్ మాటిమాటికీ పడిపోతోందని వైరు డైరెక్ట్ ఇప్పించొద్దు. నీళ్లు కారుతున్నాయని సేఫ్టీ వాల్వ్‌ను మూసేయొద్దు. ఈ రెండూ లేకపోతే లోపల ప్రెజర్ పెరిగి ట్యాంకు పేలిపోవచ్చు.

బోరు నీళ్లయితే ఏడాదికోసారి ట్యాంకు క్లీన్ చేయించడం, ఎర్తింగ్ చెక్ చేయించడం మంచిది. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు స్నానానికి ముందే గీజర్ ఆపేసి, బకెట్‌లో చల్లనీళ్లు పోశాకే వేడినీళ్లు కలుపుకోవాలి.