చెమ్మతో మూడు శతాబ్దాల పోరు

క్లారినెట్ చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా మీటల లెక్కతో మొదలుపెడతారు. 1700 ప్రాంతంలో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో యోహాన్ క్రిస్టఫ్ డెన్నర్ చేతిలో రూపు దిద్దుకున్న తొలినాళ్లలో దానికి రెండు మీటలే. 1812లో ఇవాన్ ముల్లర్ పారిస్ సంగీత కళాశాల పెద్దల ముందు పెట్టిన వాద్యానికి పదమూడు. 1839లో యాసింత్ క్లోజే, వాద్యాల తయారీదారు బ్యుఫే కలిసి ప్రదర్శించిన నమూనాకు పదిహేడు. ఈ లెక్క నిజమే గానీ, సగం కథే చెబుతుంది. మిగతా సగం కథ తడిది. ఊపిరితో మోగే కర్ర వాద్యం మోగినంతసేపూ లోపల్లోపల తడుస్తూనే ఉంటుంది. ఆ తడిని వదిలించుకోవడానికి తయారీదారులు కలప మార్చారు, రంధ్రాల మూతలు మార్చారు, చివరికి కలపనే పక్కనపెట్టి చూశారు. వాయించడం అయ్యాక తుడిచి, ఆరబెట్టి, పెట్టెలో సర్దే ఆ కాస్త పనిని మాత్రం ఎవరూ తప్పించలేకపోయారు. అందుకే దాన్ని ఒట్టి శుభ్రత కింద జమకట్టడం సరికాదంటాను. తయారీదారు పూర్తిచేయలేక వాయించేవాడికి వదిలిన పని అది.

తొలినాటి క్లారినెట్లను ఎక్కువగా బాక్స్‌వుడ్‌తో చేసేవారు. లేత పసుపు రంగులో, నున్నగా చెక్కుడుపడే యూరప్ కలప అది. ఉలికి ఎంత లొంగేదో తడికీ అంతే లొంగేది. మ్యూజియాల్లో మిగిలిన ఆనాటి గొట్టాల్లో కంటికి తెలిసేంతగా వంగిపోయినవి ఉన్నాయి. దీనికి కారణం కలప స్వభావంలోనే ఉంది. చెమ్మ తగిలితే చెక్క నార వెంట పెద్దగా పెరగదు, నారకు అడ్డంగా ఉబ్బుతుంది. వెచ్చటి ఊపిరిలోని ఆవిరి చల్లటి గోడకు తగిలి నీరవుతుంది. లోపలి పొర ఉబ్బుతుంది, బయటి పొర పొడిగానే ఉండిపోతుంది. లోపలి నుంచి తోసే ఆ ఒత్తిడిని తట్టుకోలేని చోట బయటి పొర నెర్రె విడుస్తుంది. సాధారణంగా అది పై భాగంలో, రంధ్రాలు దగ్గర దగ్గరగా తొలిచినచోట కనిపిస్తుంది. అంటే పగులుకు మూలం తడి ఒక్కటే కాదు, లోపలికీ బయటికీ మధ్య తడిలో ఉన్న తేడా. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

పంతొమ్మిదో శతాబ్దంలో బాక్స్‌వుడ్ స్థానంలోకి తూర్పు ఆఫ్రికా నల్ల చేవ క్రమంగా వచ్చింది. టాంజానియా, మొజాంబిక్ అడవుల్లో పెరిగే ఈ చెట్టు మన జిట్రేగికి దగ్గరి చుట్టం. దాని చేవ నీళ్లలో వేస్తే మునిగేంత బరువు. తడిని చాలా నెమ్మదిగా పీల్చుకుంటుంది కాబట్టి గొట్టం అంత తేలిగ్గా వంగదు. అయితే కలప గట్టిదైనకొద్దీ సాగే గుణం తగ్గుతుంది. వంగి తప్పించుకోలేనిది పగులుతుంది. కొత్త క్లారినెట్‌ను మొదటి కొన్ని వారాలు రోజుకు పావుగంట, ఇరవై నిమిషాలకు మించి వాయించవద్దని చెప్పడం ఇందుకే. పాతుకుపోయిన ఈ నియమాన్ని చాదస్తమని కొట్టిపారేయలేం.

కలపను వదిలేస్తే ఈ బాధ ఉండదు కదా అన్నది మొదటి ఆక్షేపణ. ఆ దారీ తొక్కి చూశారు. గట్టిపరిచిన రబ్బరైన ఎబొనైట్‌తో గొట్టాలు చేశారు. 1920, 30లలో అమెరికా బడి బ్యాండ్లలో లోహపు క్లారినెట్లు విరివిగా కనిపించేవి. ఇప్పుడు నేర్చుకునే పిల్లలకు ప్లాస్టిక్‌వి ఇస్తున్నారు. గొట్టం పగిలే భయం నిజంగానే పోయింది. కానీ ముక్కలు కలిసేచోట చుట్టిన కార్కు, మీటల కింద పల్చటి పొర తొడిగిన ప్యాడ్లు, రెల్లు జాతి గడ్డితో చేసిన రీడు మారలేదు. నీళ్లు నిలిచిన రంధ్రం మీద ప్యాడు పదేపదే ఉబ్బి ఎండితే అంచు గట్టిపడుతుంది, గాలి జారుతుంది, స్వరం బొంగురుపోతుంది. రీడును మౌత్‌పీస్‌కే కట్టి వదిలేస్తే దాని పల్చటి కొన అలలు తిరుగుతుంది, ఆ సందులో బూజు పడుతుంది. ఎబొనైట్ మౌత్‌పీస్‌ను మరిగే నీళ్లతో కడిగినా, ఎండలో వదిలినా నలుపు పోయి గోధుమరంగుకు తిరుగుతుంది. గోరువెచ్చని నీళ్లు చాలు.

తుడవడంలోనూ కిటుకుంది. తాడు చివర బరువు కట్టిన గుడ్డను గొట్టంలోకి వదిలి లాగుతారు. పై భాగంలో, వెనక బొటనవేలి మీట కింద, చిన్న లోహపు గొట్టం ఒకటి లోపలికి పొడుచుకొచ్చి ఉంటుంది. గుడ్డ మడతలు పడితే అక్కడే ఇరుక్కుంటుంది, గట్టిగా లాగితే మరింత బిగుస్తుంది. విప్పి, పరిచి, మెల్లగా లాగాలి. ఆ తర్వాత చాలామంది మరిచిపోయే పని ఒకటుంది: ముక్కలు కలిసే కొసల్ని వేలికి గుడ్డ చుట్టి తుడవడం. అక్కడ కలప నార తెగి నోరు తెరుచుకుని ఉంటుంది కాబట్టి నీళ్లు తాగేది ఎక్కువగా ఆ కొసలే.

రెండో ఆక్షేపణకు బరువెక్కువ. మన పెళ్లి బ్యాండు మేళాల్లో ఏళ్ల తరబడి ఏ హంగూ లేకుండా గుడ్డలో చుట్టి పెట్టినా చెడని క్లారినెట్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, అందుకు కారణమూ ఉంది. కోస్తా గాలిలో ఎప్పుడూ చెమ్మ ఉంటుంది. చెక్క బయటి పొర పూర్తిగా ఎండదు, లోపలికీ బయటికీ తేడా తక్కువ. పైగా ఏళ్లు నలిగిన కలప కుదుటపడి ఉంటుంది. తమిళనాడులోని నరసింగంపేటలో నాగస్వరం చేసేవాళ్లు పాత ఇళ్ల నుంచి తీసిన కలపను కోరి తెచ్చుకునేది అందుకే. కానీ పగిలి మూలపడిన వాద్యాలు ఈ లెక్కలోకి రావు, మిగిలినవే కంటికి కనబడతాయి. ఈ ఆక్షేపణలో నేను ఒప్పుకునే భాగం ఒకటుంది: పెట్టెలో తేమ పొట్లం పెట్టాలనే పాశ్చాత్య సలహా హీటర్లు గాలిని ఎండగట్టే చలికాలపు గదుల కోసం పుట్టింది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో బడి బ్యాండులో వాయించే తెలుగు పిల్లలకు అది పనికొస్తుంది. శ్రావణమాసపు ముసురులో కాకినాడలో అదే పని చేస్తే బూజును పిలిచి పీట వేసినట్టే. అదే కాకినాడ వాద్యం నడివేసవిలో ఏసీ హాలుకు వెళితే మాత్రం పొడిగాలి బయటి పొరను ఎండగడుతుంది, ఊపిరి లోపలి పొరను తడుపుతుంది. అప్పుడు పెట్టె తెరిచిన వెంటనే ఊదకుండా కాసేపు ఆ గది గాలికి అలవాటు పడనివ్వడం మంచిది.

కర్ణాటక సంగీతంలో క్లారినెట్‌ను కచేరీ వాద్యంగా నిలబెట్టిన ఎ.కె.సి. నటరాజన్‌కు 2022లో పద్మశ్రీ వచ్చింది. గమకాలు పలికించాలంటే రంధ్రాల దగ్గర వేలి కదలిక ఎంత సున్నితంగా ఉండాలో, మూతలు అంత కచ్చితంగా మూసుకోవాలి. ఆ సంగీతం చేయదలచిన వాళ్లకు పెట్టె విషయం మరీ ముఖ్యం. క్లారినెట్ పెట్టెలు మోసుకెళ్లడానికి వీలుగా, గాలి ఆడకుండా, లోపల ముఖమల్ పరిచి చేసినవి. తుడిచిన తడిగుడ్డను అందులోనే కుక్కి మూత వేస్తే గొట్టంలో నుంచి తీసిన నీళ్లన్నీ రాత్రికి రాత్రి తిరిగి ప్యాడ్లకూ కలపకూ చేరతాయి. గుడ్డను పెట్టె బయట, సంచి జేబులో పెట్టుకోవాలి. ఇంటికి వచ్చాక దండెం మీద ఆరేయాలి.